మంగళూరు ఫండ్ నుంచి జాతీయ బ్యాంకు దాకా: కెనరా బ్యాంకు విలీనాల చరిత్ర

బ్యాంకుల విలీనం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది 2020 ఏప్రిల్ 1. పది ప్రభుత్వ రంగ బ్యాంకులు నాలుగైన రోజు అది. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన రోజు కూడా అదే కాబట్టి తెలుగువాళ్ళకు ఆ తేదీ ఇంకాస్త బాగా గుర్తు. నోట్స్‌లో దీన్ని నరసింహం కమిటీ కింద, 1991 తర్వాతి సంస్కరణల కింద రాసుకుంటాం. అలా రాసుకోవడంతో ఒక అభిప్రాయం స్థిరపడిపోతుంది: విలీనాలు సరళీకరణతో వచ్చాయని.

లెక్కలు వేరే మాట చెబుతాయి. 1951లో మన దేశంలో 566 వాణిజ్య బ్యాంకులు ఉండేవి. 1969లో ఇందిరా గాంధీ ప్రభుత్వం 14 బ్యాంకులను జాతీయం చేసే నాటికి అవి వందకు లోపు. అంటే సరళీకరణకు రెండు దశాబ్దాల ముందే నాలుగు వందలకు పైగా బ్యాంకులు కనుమరుగయ్యాయి. కొన్ని మూతపడ్డాయి, కొన్ని ఆస్తి అప్పులు వేరేవాళ్ళకు అప్పగించాయి, కొన్ని విలీనమయ్యాయి. భారత బ్యాంకింగ్ చరిత్రలో అసలైన విలీనాల యుగం అదే. పాఠ్యపుస్తకాల్లో దానికి దక్కేది మాత్రం ఒక్క వాక్యం.

ఆ యుగాన్నీ, దాని తర్వాతి దశలనూ ఒకే బ్యాంకు కథలో చూడాలంటే కెనరా బ్యాంకును మించిన ఉదాహరణ లేదు. ఒక జిల్లా కేంద్రంలో ఫండ్‌గా మొదలై, 1961 నుంచి 2020 దాకా మూడు దశల్లో మూడు రకాల విలీనాలు చేసింది. మూడింటినీ మనం ఒకే మాటతో పిలుస్తాం. కానీ ఎవరు అడిగారు, ఎవరి డబ్బు ప్రమాదంలో ఉంది, కలిశాక ఎవరికి ఏం మిగిలింది అని చూస్తే మూడూ మూడు వేర్వేరు పనులు.

దక్షిణ కెనరా ఎందుకు?

కెనరా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు, సిండికేట్ బ్యాంకు, విజయా బ్యాంకు, కర్ణాటక బ్యాంకు. ఈ ఐదూ ఒకే జిల్లాలో పుట్టాయి. నేటి దక్షిణ కన్నడ, ఉడుపి జిల్లాలు కలిసిన పాత దక్షిణ కెనరా జిల్లా అది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ దాకా మన కోస్తా, రాయలసీమ జిల్లాల లాగే మద్రాసు పాలనలో ఉండేది (కోస్తా, సీమ 1953లోనే విడిపోయాయి). తర్వాత మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది. జాతీయమైన 20 బ్యాంకుల్లో నాలుగు ఈ ఒక్క జిల్లావే: కెనరా, సిండికేట్ 1969లో, కార్పొరేషన్, విజయా 1980లో.

కారణాలు వెతికితే మొదట కనిపించేది వ్యాపారం. మంగళూరు రేవు నుంచి కాఫీ, మిరియాలు, పెంకులు వెళ్ళేవి. బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో పెట్టిన పెంకుల ఫ్యాక్టరీతో మొదలై మంగళూరు పెంకు దేశమంతా ఇళ్ళ మీదికి ఎక్కింది. డబ్బు చేతులు మారుతోంది, కానీ ప్రెసిడెన్సీ బ్యాంకుల చూపు ఎక్కువగా ఐరోపా కంపెనీల మీద ఉండేది. స్థానిక వర్తకుడికి మిగిలింది వడ్డీ వ్యాపారి. ఇంకో కారణం సామాజికం. గౌడ సారస్వతులు, బంట్లు, ముస్లిం వర్తకులు ఎవరికి వారు బడులు, హాస్టళ్ళు, సంఘాలు పెట్టుకుంటున్న కాలం అది. బ్యాంకు కూడా ఆ వరుసలోనే వచ్చింది. దానికి స్వదేశీ గాలి తోడైంది.

1906 మార్చిలో ఉడుపిలో హాజీ అబ్దుల్లా కెనరా బ్యాంకింగ్ కార్పొరేషన్ పెట్టారు. అదే తరువాతి కార్పొరేషన్ బ్యాంకు. అదే ఏడాది జులై 1న మంగళూరులో అమ్మెంబళ్ సుబ్బారావు పాయ్ కెనరా హిందూ పర్మనెంట్ ఫండ్ ప్రారంభించారు. సుబ్బారావు పాయ్ వృత్తిరీత్యా వకీలు. అంతకు పదిహేనేళ్ళ ముందే కెనరా హైస్కూలు, తర్వాత ఆడపిల్లలకు విడిగా ఒక బడి పెట్టినవారు. ఆయన 1909లో చనిపోయారు. 1910లో ఫండ్ పేరు కెనరా బ్యాంక్ లిమిటెడ్ అయింది. "హిందూ" అన్న మాట తొలగిపోయింది.

ఆ 1906 అక్టోబరులోనే మద్రాసులో అర్బుత్నాట్ అనే ఆంగ్లేయ సంస్థ కుప్పకూలి వేలమంది పొదుపు పోయింది. దాని పర్యవసానంగా 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. కెనరా ఫండ్ దానికంటే మూడు నెలలు ముందే ఉంది కాబట్టి అర్బుత్నాట్ పతనం వల్ల కెనరా బ్యాంకు పుట్టిందని రాయకూడదు.

సిండికేట్ బ్యాంకు కథ కాస్త వేరు. 1925లో ఉడుపి ప్రాంతపు చేనేత కష్టాల్లో పడింది. వస్త్ర వ్యాపారి ఉపేంద్ర అనంత్ పాయ్, ఇంజనీరు వామన్ కుడ్వ, వైద్యుడు టి.ఎం.ఎ. పాయ్ కలిసి రూ. 8,000 మూలధనంతో కెనరా ఇండస్ట్రియల్ అండ్ బ్యాంకింగ్ సిండికేట్ పెట్టారు. 1928లో వాళ్ళు పిగ్మీ డిపాజిట్ మొదలుపెట్టారు. ఏజెంటు రోజూ ఇంటికి, కొట్టుకు వచ్చి రెండు అణాలు తీసుకుని కార్డు మీద రాసి వెళ్తాడు. నెలకు మూడు రూపాయల పన్నెండు అణాలు. బ్యాంకు గుమ్మం ఎప్పుడూ తొక్కని చాకలి, చేపలమ్మే మనిషి, నేతగాడు ఖాతాదారులయ్యారు. "ఆర్థిక సమ్మిళితం" అనే మాట పుట్టకముందే ఆ పని జరిగింది. ఆ ఏజెంట్ల సంగతి కూడా ఒక్క మాట: వాళ్ళు కార్మికులే అని, వాళ్ళకిచ్చే కమీషను వేతనమే అని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. రెగ్యులర్ ఉద్యోగులుగా తీసుకోవాలన్న కోరికను మాత్రం ఒప్పుకోలేదు.

మొదటి రకం: మునిగేవాణ్ణి ఒడ్డుకు చేర్చడం

1938లో ట్రావంకూర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూతపడింది. దక్షిణాదిలో డిపాజిటర్ల గుండెల్లో ఆ భయం ఏళ్ళ తరబడి ఉండిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో బ్యాంకింగ్ కంపెనీల చట్టం వచ్చింది. మనం ఇవాళ బ్యాంకింగ్ నియంత్రణ చట్టం అంటున్నది అదే. 1950 సవరణతో అందులో 44ఏ సెక్షన్ చేరింది. రెండు బ్యాంకుల వాటాదారులు తమంతట తాము, మూడింట రెండు వంతుల విలువ గల మెజారిటీతో ఒప్పుకుంటే విలీనం కావచ్చు. ఆ ఏడాదే నాలుగు బెంగాలీ బ్యాంకులు కలిసి యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అయ్యాయి.

స్వచ్ఛంద విలీనంలో ఒక చిక్కు ఉంది. బాగున్న బ్యాంకుకు కలవాల్సిన అవసరం లేదు. బాగాలేని బ్యాంకును కలుపుకోవడానికి ఎవరూ ముందుకు రారు. బాగాలేదని బయటికి తెలిసే సరికి డిపాజిటర్లు గుమ్మం ముందు వరుస కడతారు, అప్పుడిక కలపడానికి ఏమీ మిగలదు.

1960 ఆగస్టులో కేరళలోని పాలాయి సెంట్రల్ బ్యాంకును మూసేయమని రిజర్వు బ్యాంకే హైకోర్టుకు వెళ్ళింది. కేరళ బ్యాంకుల్లో అతి పెద్దది అది. ఆ దెబ్బకు చుట్టుపక్కల చిన్న బ్యాంకులన్నిటి మీదా అనుమానం పడింది. ప్రభుత్వం వెంటనే చట్టం సవరించింది. మారిన 45వ సెక్షన్ ప్రకారం, రిజర్వు బ్యాంకు అడిగితే కేంద్రం ఒక బ్యాంకుపై మారటోరియం విధిస్తుంది. ఆ గడువులోగా రిజర్వు బ్యాంకు విలీన పథకం రాస్తుంది. కేంద్రం ఆమోదిస్తే అది అమలవుతుంది. వాటాదారుల ఓటు అక్కర్లేదు. అవసరమైతే డిపాజిటర్ల హక్కులను కూడా కుదించవచ్చని చట్టం చెబుతుంది. చదివినప్పుడు కఠినంగా అనిపిస్తుంది. కానీ ఆస్తుల విలువ అప్పులకు చాలని చోట ప్రత్యామ్నాయం ఏమిటో ఆలోచించాలి. లిక్విడేటరు, కోర్టు, ఏళ్ళ తరబడి నిరీక్షణ.

అప్పటికి డిపాజిట్ బీమా లేదు. డిపాజిట్ బీమా సంస్థ పని మొదలైంది 1962 జనవరి 1న, ఒక్కొక్కరికి రూ. 1,500 పరిమితితో. పాలాయి పతనం నుంచి ఆ తేదీ దాకా, ఆ తర్వాత కూడా చాలాకాలం, పెద్ద బ్యాంకు భుజమే చిన్న డిపాజిటరుకు బీమా.

కెనరా బ్యాంకు విలీనాల జాబితా మొదలయ్యేది సరిగ్గా ఈ సమయంలోనే. 1961 మే 20న బ్యాంక్ ఆఫ్ కేరళ. 1944లో పుట్టిన ఆ బ్యాంకుకు ఉన్నవి మూడు శాఖలు. తర్వాత అలెప్పీలోని సీసియా మిడ్‌ల్యాండ్ బ్యాంకు, ఏడు శాఖలు. అదే ఏడాది త్రివేండ్రం పర్మనెంట్ బ్యాంకు, 14 శాఖలు. అది 1899 నాటిది, అంటే తనను కలుపుకున్న కెనరా బ్యాంకు కంటే వయసులో పెద్దది.

1961 జాబితాలోనే మన హైదరాబాదు కూడా ఉంది. జి. రఘునాథ్‌మల్ బ్యాంకు 1870లో మొదలైంది, 1925లో లిమిటెడ్ కంపెనీగా మారింది. నిజాం రాజ్యానికి సొంత నాణెం, హాలీ సిక్కా, చెలామణిలో ఉన్న కాలపు సంస్థ అది. ఆ నాణెం వ్యవహారాలు చూడటానికి 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు వచ్చింది. 1948లో రాజ్యం పోయింది, కొన్నేళ్ళకు సిక్కా పోయింది, 1956లో రాష్ట్రమూ మారింది. ఇన్ని మార్పులు చూసిన సంస్థ అయిదు శాఖలతో ఒక మంగళూరు బ్యాంకులో కలిసింది. తెలంగాణ ఆర్థిక చరిత్ర రాసేవాళ్ళు సాలార్‌జంగ్ సంస్కరణల దగ్గర ఎంత ఆగుతారో ఈ ప్రైవేటు బ్యాంకుల దగ్గర అంత ఆగరు. ఆగాల్సిన చోటు అది.

1963లో ఇంకో నాలుగు వచ్చాయి. త్రిప్పూణిత్తురలో 1923లో పెట్టిన శ్రీ పూర్ణత్రయీశ విలాసం బ్యాంకు, 14 శాఖలు. కొచ్చిన్ రాజుల ఊరది, బ్యాంకు పేరు అక్కడి దేవుడిది. కొచ్చిన్ కమర్షియల్ బ్యాంకు, 13 శాఖలు. తిరుచిరాపల్లిలోని అర్నాడ్ బ్యాంకు, ఒకే ఒక్క శాఖ. మదురైలోని పాండ్యన్ బ్యాంకు, 83 శాఖలు.

ఎనిమిది బ్యాంకులూ కలిపితే 140 శాఖలు. అందులో సగానికి పైగా పాండ్యన్ బ్యాంకు ఒక్కదానివే. కాబట్టి ఎనిమిదింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఒక శాఖ బ్యాంకును తీసుకోవడం ఒక బాధ్యత నెత్తిన వేసుకోవడం. 83 శాఖలను తీసుకోవడం ఒక రాష్ట్రంలో అడుగు పెట్టడం. 1946లో పుట్టిన పాండ్యన్ బ్యాంకు పదిహేడేళ్ళలో అన్ని శాఖలు తెరిచింది. కెనరా తనంతట తాను లైసెన్సులు తెచ్చుకుని, ఇళ్ళు అద్దెకు తీసుకుని, తమిళం తెలిసిన మనుషులను వెతుక్కుని ఆ పని చేయాలంటే ఎన్నేళ్ళు పట్టేదో!

ఈ తరహా విలీనాలు కెనరా ఒక్కటే చేయలేదు. అదే కాలంలో విజయా బ్యాంకు మూల్కి సుందరరామ శెట్టి నాయకత్వంలో తొమ్మిది చిన్న బ్యాంకులను కలుపుకుంది. మన ఆంధ్రా బ్యాంకు 1964లో భారత లక్ష్మీ బ్యాంకును తీసుకుంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ ట్రావంకూర్ కలుపుకున్నవాటిలో కొచ్చిన్ నాయర్ బ్యాంకు, లాటిన్ క్రిస్టియన్ బ్యాంకు, చంపాకుళం క్యాథలిక్ బ్యాంకు ఉన్నాయి. పేర్లు చూస్తేనే తెలుస్తుంది: ఒక కులం, ఒక చర్చి, ఒక ఊరు. వాటి బలమూ బలహీనతా అదే. అప్పు ఇచ్చేవాడికి తీసుకునేవాడి తాత ముత్తాతలు తెలుసు కాబట్టి హామీ కాగితాలతో పెద్దగా పని లేదు. కానీ ఆ ఊళ్ళో పంట పోయినా, ఆ ఒక్క వ్యాపారం దెబ్బతిన్నా అప్పులన్నీ ఒకేసారి మునుగుతాయి. పది జిల్లాల్లో శాఖలున్న బ్యాంకుకు ఒక చోటి నష్టాన్ని ఇంకో చోటి లాభం మోస్తుంది. విలీనం ఇచ్చినది ఈ విస్తరణ. తీసుకున్నది ఆ పరిచయం.

నా దృష్టిలో 1960ల విలీనాల లెక్క మొత్తం మీద మంచి వైపే తేలుతుంది. పేర్లు పోయాయి, కానీ 1938 నాటి దృశ్యం మళ్ళీ ఆ స్థాయిలో కనపడలేదు.

రెండో రకం: యజమాని చెప్పిన చోటికి వెళ్ళడం

1969 జులై 19న, రూ. 50 కోట్లకు పైగా డిపాజిట్లున్న 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. కెనరా, సిండికేట్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. 1970 ఫిబ్రవరి 10న ఆర్.సి. కూపర్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, నాలుగు రోజుల్లో ఆర్డినెన్సు వచ్చింది, తర్వాత 1970 చట్టం. ఇది అందరికీ తెలిసిన భాగమే. మన కథకు పనికొచ్చేది ఆ చట్టంలోని 9వ సెక్షన్. జాతీయ బ్యాంకుల విలీనానికి రిజర్వు బ్యాంకును సంప్రదించి కేంద్రమే పథకం రూపొందించవచ్చని అది చెబుతుంది. దాన్ని ఇక్కడ గుర్తుపెట్టుకుంటే 2020 దగ్గర అవసరమవుతుంది.

జాతీయమయ్యాక పెరుగుదల విలీనాలతో కాకుండా కొత్త శాఖలతో సాగింది. 1976 నాటికి కెనరా తన వెయ్యో శాఖ తెరిచింది. మళ్ళీ విలీనం 1985లో. ఆ ఏడాది మూడు ప్రైవేటు బ్యాంకులు ఇబ్బందుల్లో పడ్డాయి. మిరజ్ స్టేట్ బ్యాంకును యూనియన్ బ్యాంకుకు, బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్‌ను స్టేట్ బ్యాంకుకు, లక్ష్మీ కమర్షియల్ బ్యాంకును కెనరాకు అప్పగించారు. (దీన్ని 2020 నవంబరులో డీబీఎస్ బ్యాంకులో కలిసిన కరూర్ వారి లక్ష్మీ విలాస్ బ్యాంకుతో కలిపేసుకోకండి. ప్రిలిమ్స్‌లో ఇలాంటి జంట పేర్లే ముంచుతాయి.)

చట్టపరంగా చూస్తే ఇదీ 45వ సెక్షన్ విలీనమే, 1961 నాటి లాంటిదే. కానీ పరిస్థితి మారింది. 1961లో కెనరా ప్రైవేటు బ్యాంకు. తీసుకుంటే తనకేం వస్తుందో చూసుకునే వాటాదారులు ఉన్నారు. 1985లో యజమాని ప్రభుత్వమే. కష్టంలో ఉన్న ప్రైవేటు బ్యాంకు భారాన్ని ప్రభుత్వ బ్యాంకు బ్యాలెన్స్ షీటు మోయడం అంటే చివరికి పన్ను కట్టేవాడు మోయడమే. ఆ భారంతో పాటు ఉత్తర భారతంలో సుమారు 230 శాఖలు కూడా వచ్చాయి. అప్పటిదాకా దక్షిణాది బ్యాంకుగా పేరున్న కెనరాకు అది దేశవ్యాప్త రూపం ఇచ్చింది. భారమూ బహుమతీ ఒకే మూటలో వచ్చాయి.

అన్నిచోట్లా ఇలా కలిసిరాలేదు. 1993లో న్యూ బ్యాంక్ ఆఫ్ ఇండియాను పంజాబ్ నేషనల్ బ్యాంకులో కలిపారు. రెండు జాతీయ బ్యాంకుల మధ్య జరిగిన మొదటి విలీనం అది, కలుపుకున్న బ్యాంకు చాలాకాలం ఇబ్బంది పడింది.

ఈ అనుభవాల నేపథ్యంలోనే నరసింహం కమిటీలను చదవాలి. మైదవోలు నరసింహం తెలుగువాడు, రిజర్వు బ్యాంకు 13వ గవర్నరు. 1991 కమిటీ ఒక అంచెల నిర్మాణం సూచించింది: అంతర్జాతీయ స్థాయిలో మూడు నాలుగు పెద్ద బ్యాంకులు, దేశమంతా శాఖలున్నవి ఎనిమిది నుంచి పది, వాటి కింద ప్రాంతీయ బ్యాంకులు, అట్టడుగున గ్రామీణ బ్యాంకులు. మనం పై రెండంచెలే గుర్తుపెట్టుకుంటాం. ప్రాంతీయ బ్యాంకులకు కూడా ఆ నిర్మాణంలో చోటుందన్న సంగతి జారిపోతుంది. 1998 కమిటీ ఇంకో అడుగు వేసి, బలహీన బ్యాంకును గట్టెక్కించే సాధనంగా విలీనాన్ని వాడవద్దని, బలమైనవి బలమైనవాటితో కలిస్తేనే ఆర్థికంగా అర్థముంటుందని చెప్పింది. 1961 నుంచి మన విలీనాల సూత్రం దీనికి సరిగ్గా తలకిందులు.

మూడో రకం: పక్కపక్క బోర్డులు

2019 ఆగస్టు 30న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ పది బ్యాంకులను నాలుగు చేసే ప్రకటన చేశారు. అందులో ఒకటి కెనరాలో సిండికేట్ విలీనం. కలిశాక వ్యాపారం రూ. 15.20 లక్షల కోట్లని, ప్రభుత్వ బ్యాంకుల్లో నాలుగో స్థానమని చెప్పారు. కెనరాకు రూ. 6,500 కోట్ల మూలధనం కూడా ప్రకటించారు. ప్రతి 1,000 సిండికేట్ షేర్లకు 158 కెనరా షేర్లు. 9వ సెక్షన్ కింద కేంద్రం పథకం నోటిఫై చేసింది. 44ఏ లాగా వాటాదారుల ఓటూ లేదు, 45 లాగా మారటోరియమూ లేదు. 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చేసరికి దేశం లాక్‌డౌన్‌లో ఉంది. సిండికేట్ పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్లు 2021 జులై 1 నుంచి చెల్లకుండా పోయాయి. మామూలు ఖాతాదారుకు విలీనం నిజంగా జరిగింది ఆ రోజున.

ప్రభుత్వం ఈ జంటను ఎంచుకోవడానికి చెప్పిన కారణాల్లో ఒకటి ఆసక్తికరం: రెండింటి శాఖలు ఒకే ప్రాంతాల్లో ఉన్నాయి, కాబట్టి ఖర్చు తగ్గించే అవకాశం ఎక్కువ. 1963తో దీన్ని పోల్చి చూడండి. పాండ్యన్ బ్యాంకు విలువంతా కెనరా లేని చోట అది ఉండటంలో ఉంది. సిండికేట్ విలీనంలో లాభం కెనరా ఉన్న చోటే అది కూడా ఉండటంలో ఉంది. మొదటిది శాఖలను కూడుకోవడం. రెండోది ఒకే వీధిలో పక్కపక్కన ఉన్న రెండు బోర్డుల్లో ఒకటి దించడం. మెయిన్స్‌లో "విలీనాల వల్ల బ్యాంకుల విస్తృతి పెరుగుతుంది" అని అలవాటుగా రాసేముందు ఏ విలీనం గురించి రాస్తున్నామో చూసుకోవాలి.

సమర్థించేవాళ్ళ వాదనలో బలం లేకపోలేదు. మొండి బకాయిలతో మూలధనం తరిగిన బ్యాంకులు పెద్ద అప్పులు ఇవ్వలేవు. టెక్నాలజీ ఖర్చు చిన్న బ్యాంకుకూ పెద్ద బ్యాంకుకూ దాదాపు ఒకటే. ఒకే యజమాని పెట్టిన రెండు దుకాణాలు ఒకే గిరాకీ కోసం పోటీ పడటంలో ప్రయోజనం తక్కువ. ఇవన్నీ నిజమే. నాకు సందేహం ఉన్నది వేరే చోట. 1961లో విలీనం కాకపోతే ఏం జరిగేదో అందరికీ తెలుసు: డిపాజిట్లు పోయేవి. 2020లో విలీనం కాకపోతే సిండికేట్ డిపాజిటరు డబ్బు పోయేదని ఎవరూ అనలేదు. అంటే ఈ విలీనం సమర్థించుకోవాల్సింది కాపాడిన నష్టంతో కాదు, తర్వాత వచ్చే లాభంతో. ఆ లాభాన్ని శాఖల సంఖ్యతో, బ్యాలెన్స్ షీటు పరిమాణంతో కొలిస్తే చాలదు. పిగ్మీ ఏజెంటు తలుపు తట్టిన ఇంటికి ఇవాళ ఎవరు వెళ్తున్నారన్నది కూడా కొలవాలి.

పేరు పోయిన బాధను కూడా తేలిగ్గా తీసేయలేం. విజయా బ్యాంకు 2019 ఏప్రిల్ 1న బరోడాలో కలిసినప్పుడు మంగళూరులో నిరసనలు జరిగాయి. ఏడాది తిరిగేసరికి సిండికేట్ కెనరాలో, కార్పొరేషన్ యూనియన్‌లో కలిశాయి. జాతీయమైన నాలుగు దక్షిణ కెనరా బ్యాంకుల్లో పేరు మిగిలింది కెనరాకే. ప్రైవేటు రంగంలో కర్ణాటక బ్యాంకు ఉంది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు పేరైనా నిలపమని మన దగ్గర విన్నపాలు వచ్చాయి. ఫలితం లేకపోయింది. విలీనంలో ఎవరి పేరు నిలుస్తుందన్నది ఎవరు పాతవారు, ఎవరు గొప్పవారు అన్నదాన్ని బట్టి తేలదు. చట్టం భాషలో ఒకటి బదిలీ చేసే బ్యాంకు, ఒకటి బదిలీ పొందే బ్యాంకు. అంతే.

గ్రామీణ బ్యాంకుల దాకా

సిండికేట్ కథ ఇంకో దారిలో మనదాకా వస్తుంది. దేశంలో మొదటి ప్రాంతీయ గ్రామీణ బ్యాంకు 1975 అక్టోబరు 2న ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో ప్రారంభమైన ప్రథమ బ్యాంకు. దాని స్పాన్సరు సిండికేట్ బ్యాంకు. గ్రామీణ బ్యాంకు మూలధనంలో కేంద్రానికి 50 శాతం, స్పాన్సరు బ్యాంకుకు 35, రాష్ట్రానికి 15. మరుసటి ఏడాది కడపలో వచ్చిన రాయలసీమ గ్రామీణ బ్యాంకుకు కూడా సిండికేటే స్పాన్సరు. జిల్లాకో రెండు జిల్లాలకో ఒక బ్యాంకు, స్థానిక భాష తెలిసిన సిబ్బంది, చిన్న రైతు. ఒకరకంగా 1906 నాటి మంగళూరు ఊహనే ప్రభుత్వం మళ్ళీ చట్టం చేసి పెట్టుకుంది.

అవి కూడా విలీనాల బాటే పట్టాయి. 2006లో రాయలసీమ, పినాకిని, శ్రీ అనంత గ్రామీణ బ్యాంకులు కలిసి కడప కేంద్రంగా ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అయ్యాయి. 2020లో సిండికేట్‌తో పాటు దాని స్పాన్సరు హోదా కెనరాకు మారింది. 2025 మే 1న "ఒక రాష్ట్రం, ఒక గ్రామీణ బ్యాంకు" విధానం కింద రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులనూ కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు చేశారు. స్పాన్సరు యూనియన్ బ్యాంకు. కర్ణాటకలో అదే రోజున రెండు గ్రామీణ బ్యాంకులు కలిసి, బళ్ళారి కేంద్రంగా కర్ణాటక గ్రామీణ బ్యాంకు ఏర్పడింది. స్పాన్సరు కెనరా. ఒకప్పుడు 196 దాకా ఉన్న గ్రామీణ బ్యాంకులు ఆ రోజుకు 28 అయ్యాయి. అనంతపురం రైతు పాస్‌బుక్కు మీద ఇరవై ఏళ్ళలో మూడో పేరు అచ్చయింది.